దించుగంట తాడు

ఒకటో మాట

నా పేరు పెమ్మాడి మంగతాయి. వయసు అరవై ఎనిమిది. ఉప్పుగట్టు మీద నాకంటే పెద్ద ప్రాణం లేదు. యాభై దాటితేనే ఇక్కడ ముసలివాళ్ళ కింద లెక్క. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా వియ్యపురాలు ఓలేటి సూరాయమ్మా. నా కొడుకు అప్పలకొండ, ఆవిడ కూతురు వజ్రం మొగుడూ పెళ్ళాలు. బురదజ్వరం వచ్చిన ఏడు ఇద్దరూ ఒకే వారంలో పోయారు. వాళ్ళు పోయాక ఆవిడ నన్ను వదల్లేదు, నేను ఆవిణ్ణి వదల్లేదు. ఎవరు ఎవరింట్లో ఉంటున్నారన్న దాని మీద ఇప్పటికీ దెబ్బలాడుకుంటాం. బాతులు కూడా ఉన్నాయి. అవి రాయక్కర్లేదు.

నాకు అక్షరం ముక్క రాదు. అందుకని గట్టుపెద్ద ధనకోటి ఈ రాతపెట్టె పంపించాడు. నేను మాట్లాడితే అది రాస్తుంది, అడిగితే చదువుతుంది. ఇందాక చదివించుకుంటే, "తాడును ఖండించితిని" అంది. ఖండించడమేంటే, నీ మొహం. కోసేశాను అన్నాను. కోసేశాననే రాయి. ముసలిదాని మాటకి పట్టుబట్ట కట్టొద్దు.

నా మీద మోపిన నేరం ఇది. ఊరందరి ముళ్ళూ ఉన్న తాడు చేపల కత్తితో కోసేసి, పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ మోగించని దించుగంట కొట్టాను. నిజమే. లేదని చెప్పడానికి కూర్చోలేదు. ఎందుకు కొట్టానో, ఆ గంటకి మళ్ళీ తాడు ఎందుకు కట్టకూడదో చెప్పడానికి కూర్చున్నాను. పున్నమినాడు పంచాయితీ. ధనకోటి ఇప్పటికే కొత్త తాడు పేనిస్తున్నాడు, కొబ్బరిపీచు వాసన ఇక్కడికి వస్తోంది. ఆ తాడు గంటకి పడిందంటే మా వదిన, అదే సూరాయమ్మ, ఇంక బతకదు.

రెండో మాట

పొగగూట్లో నిప్పు వేసి వచ్చాను. చేపలు ఆరేలోగా గంటల సంగతి చెప్తాను. ఈ కాగితం సముద్రం ఎక్కని పైమెట్టకి కూడా పోతుందట. అక్కడ చాలామందికి మా గట్టు సంగతి తెలియదు.

సముద్రం లోపలికి వచ్చాక మిగిలినవాళ్ళం ఈ గట్టు మీదే ఉండిపోయాం. చుట్టూ ఉప్పునీళ్ళు, కింద బురద. ఆ బురదలోంచే జ్వరం పుట్టింది. అప్పుడు పైమెట్ట వాళ్ళు వచ్చి అందరికీ సూదులు వేశారు, తర్వాత పుట్టిన పిల్లలకీ వేస్తూ వస్తున్నారు. ఆ సూదిలో కావలి ఉంది. కంటికి ఆనదు, నెత్తుట్లో తిరుగుతుంది, ఊరికే ఉన్నప్పుడు నిద్రపోతుంది. సూదులతోపాటే ఇక్కడ మెట్లున్న ఎత్తు గూడు ఒకటి కట్టి దానికి రెండు గంటలు పెట్టారు. ఒకటి లేపుగంట. ఊళ్ళో ఏ ఒక్కడి ఒంట్లోకి రోగం దిగినా అది తనంతట తానే మోగుతుంది. ఆ మోత చెవులతో పనిలేకుండా ఒంట్లోకి దిగుతుంది, చెవిటివాడికి కూడా. అందరి ఒళ్ళలో కావలి లేస్తుంది. ఒళ్ళు కాలుతుంది, కీళ్ళు పీకుతాయి, దెబ్బ ఉన్న చోట ఎర్రగా పొంగుతుంది. అది మంచికే. రోగం చచ్చేదాకా ఓర్చుకోవాలి.

రెండోది దించుగంట. కావలిని పడుకోబెట్టేది. అది తనంతట తాను మోగదు. మనిషి వెళ్ళి తాడు లాగాలి. చేసినవాళ్ళు అలా ఎందుకు పెట్టారో ఇన్నాళ్ళకి నాకు తెలిసింది. లేపడానికి భయం చాలు. పడుకోమనడానికి ఎవరో ఒకరు నిలబడి, చూసి, ఇంక చాలు అనాలి.

ఆ ఏడు జ్వరం తగ్గుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడే చేపల గుంపు వచ్చి గట్టుకి ఆనుకుంది. ఒళ్ళునొప్పులతో పడవలు ఎలా తోస్తారని, ధనకోటి తండ్రి తొందరపడి దించుగంట కొట్టాడు. కావలి పడుకుంది. మూల దాక్కున్న జ్వరం మళ్ళీ లేచింది. లేపుగంట మళ్ళీ మోగి కావలి లేచేసరికే ఆలస్యమైపోయింది. ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో చెప్పడానికి నాకు నోరు రాదు. కొట్టిన పెద్దమనిషి కూడా పోయాడు.

ఆ తర్వాత మిగిలినవాళ్ళం కలిసి దించుగంట నాలుకకి వలతాడు కట్టేశాం. ఏటా అదే రోజున ఒక్కో ఇంటివాళ్ళు వచ్చి, పోయినవాళ్ళ పేరు చెప్పి, ఆ తాడు మీద ఒక ముడి వేస్తారు. ముడిరోజు అంటాం. సమాధులు కట్టుకోవడానికి మాకు నేల లేదు, శవాలు నీళ్ళలో కలిసిపోయాయి. ఏడవడానికి మాకు ఆ తాడే ఉంది. నేనూ ఏటా వేశాను. గట్టిగా, పళ్ళతో లాగి మరీ వేశాను.

పంతొమ్మిదేళ్ళు ఒక్క జ్వరం రాలేదు. మా కావలి నిద్రపోదని పడవల మీద వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

మూడో మాట

మా వదిన వలలు బాగుచేస్తుంది. చేసేది, అనాలి. చిరిగిన వల ఆవిడ ఒళ్ళో వేస్తే, ఎక్కడ చిరిగిందో వల తెచ్చినవాడే గుర్తుపట్టలేకపోయేవాడు. అలాంటి చేతులు పోయాయి. ముందు పొద్దున్నపూట బిగుసుకునేవి. గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే గాని గిన్నె పట్టుకోలేకపోయేది. తర్వాత కణుపులు ఉబ్బి వేళ్ళు పక్కకి తిరిగాయి. పట్టుకుంటే వేడిగా ఉండేవి, ఇప్పుడే పొయ్యి దగ్గర్నుంచి తీసినట్టు. అన్నం సయించదు, ఊరికే అలిసిపోతుంది, మెట్టు ఎక్కితే రొప్పుతుంది.

ఊళ్ళో అందరూ అంతే. ఆడవాళ్ళకి నలభై రాకముందే మోకాళ్ళు ఉబ్బుతాయి. మగవాళ్ళు బాగానే ఉండి ఉండి తెడ్డు వేస్తూ గుండె పట్టుకుని కూలిపోతారు. ఉప్పునీళ్ళ వల్ల అనుకున్నాం. దాన్ని అరుగుదల అని పిలిచి ఊరుకున్నాం. ఒకదానికి పేరు పెట్టేస్తే ఇంక దాని గురించి అడగరు.

ఈ ఏడు ముడిరోజున వదిన గూడు ఎక్కింది. వెనక నేను. తాడు పట్టుకుంది గాని వేళ్ళు వంగలేదు. వెనక జనం ఆగిపోయారు.

"ఇలా ఇయ్యి వదినా, నేను వేస్తాను."

"నువ్వు వేస్తే నీ ముడి అవుతుంది. నా కూతురికి నేను వెయ్యాలి."

"నాకు కోడలు కాదా?"

"బతికుండగా కోడలా అని ఎన్నిసార్లు పిలిచావు? ఏమే అన్నావు. ఏమే, ఇలా రా. ఏమే, నీళ్ళు తే."

జనం ముందే అంది. నా నోటికి ఈ గట్టు మీద జవాబు చెప్పినవాళ్ళు లేరు. ఆ రోజు ఆవిడ చెప్పింది. నిజంగానే ఏమే అన్నాను. పేరు పెట్టి పిలవడానికి తీరిక ఎప్పుడూ ఉంటుందనుకున్నాను.

ముడి పడకుండానే దిగిపోయాం.

నాలుగో మాట

సరుకుల పడవలో డాక్టరమ్మ వచ్చింది. పేరు తబిత. పైమెట్ట నుంచి కొత్తగా వేశారు. పెట్టె లాంటిది ఒకటి తెచ్చి, వదిన చెయ్యి దాని కింద పెట్టి, లోపలి బొమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ చేతికి దెబ్బ ఎప్పుడు తగిలింది మామ్మగారూ?"

"దెబ్బా లేదు, గిబ్బా లేదు. నా చేతులు నేలకి తగలనిచ్చేదే కాదు ఈవిడ, వల పని ఆగిపోతుందని," అంది వదిన.

డాక్టరమ్మ బొమ్మ నా వైపు తిప్పింది. రెండు ఎముకల మధ్య ఉండే పలచటి పొర, నానిన తోలులా ఉబ్బిపోయింది. ఎముకల అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి.

"ఎవరు కొరికారమ్మా?"

"మీ కావలే."

అప్పుడు చెప్పింది. నాకు అర్థమైనట్టు చెప్తాను. మనిషి ఒంట్లో పుట్టుకతో ఒక కావలి ఉంటుంది, తెల్లకణాలంటారు. పైమెట్ట వాళ్ళ కావలి కొత్తగా యుద్ధం చెయ్యదు, ఆ తెల్లకణాలనే కేకేసి పిలుస్తుంది. పిలవగానే నరాల గోడలు వదులవుతాయి, కణాలు బయటికి దూకుతాయి, నీరు కూడా వస్తుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ అందుకే. వాటి దగ్గర యాసిడ్ లాంటిది ఉంటుంది. రోగం మీద పోస్తాయి. పక్కనున్న మన కండ మీద కూడా పడుతుంది. రెండు మూడు రోజులైతే ఒళ్ళు ఓర్చుకుంటుంది. తర్వాత చాలు అన్న కబురు రావాలి. అది వస్తేనే ఆ గుంపు ఆగుతుంది, ఊడ్చేవి వచ్చి చెత్త తింటాయి, కుట్టేవి వచ్చి కుడతాయి.

"చాలు అన్న కబురు దానంతట అది రాదు మామ్మగారూ. అలిసిపోయి ఆగిపోతాయనుకుంటాం. ఆగవు. ఒంట్లో ఆ కబురు పంపడం కూడా ఒక పని. మీ గట్టు మీద ఆ పని గంటకి పెట్టారు. మీరు గంట కట్టేశారు."

"రోగం పోయి పంతొమ్మిదేళ్ళయిందిగా. మరి దేని మీద పోస్తున్నాయి?"

"ఉన్నదాని మీద. కాలిన కండే ఇంకో కేక వేస్తుంది, ఇంకో గుంపు వస్తుంది. ఆ గందరగోళంలోనే కుట్టేవి కూడా కుడుతున్నాయి. అందుకని మెత్తగా ఉండాల్సిన చోట మచ్చ కట్టి గట్టిపడుతోంది. చేతుల్లో ఒక్కచోటే కాదు." వదిన మెడ మీద ఆ పెట్టె పెట్టి ఇంకో బొమ్మ చూపించింది. నెత్తురు పోయే గొట్టం గోడ లోపలివైపు దళసరెక్కింది. "పడవలో కూలిపోయేవాళ్ళు దీనివల్లే పోతున్నారు."

నా బతుకంతా చేపలకి పొగ పెట్టడమే. నిప్పు కావలసినంతసేపు ఉంచి తియ్యాలి. మర్చిపోయామనుకో, మంట కనపడదు, పైన నుసి, లోపల కణకణలాడుతూనే ఉంటుంది. చేప పైకి బాగానే కనపడుతుంది. విరిస్తే లోపల బొగ్గు. ఆ బొమ్మ చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

"గంట కొడితే?"

"ఆరుతుంది. కాలింది మాత్రం తిరిగి రాదు. ఎంత తొందరగా ఆరితే అంత మిగులుతుంది. సూరాయమ్మగారి గుండెకి ఎక్కువ టైం లేదు."

డాక్టరమ్మ ధనకోటి దగ్గరకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ధనకోటి చెడ్డవాడు కాదు. కూర్చోమని పీట వేశాడు, అంతా విన్నాడు. అతని మోకాళ్ళ మీద కూడా నూనె గుడ్డలు కట్టి ఉన్నాయి.

"డాక్టరుగారూ, మా నాన్న ఒకసారి ఆ గంట కొట్టాడు," అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

అయిదో మాట

తాడు విప్పి గంట కొడదామంటే అందరికంటే ఎక్కువ అడ్డం పడింది వదినే. తన ప్రాణం కోసం అని చెప్తే వినదు.

"నీ కొడుకు ముడి నువ్వు విప్పుకుంటే విప్పుకో. నా కూతురు నీ ఇంటికొచ్చి ఏం సుఖపడింది? ఇప్పుడు దాని ముడి కూడా నీకే కావాలా?"

"చచ్చిపోతావే!"

"పోతే పోతాను. నువ్వు అరుస్తుంటే బతికిన లాభం కనపడ్డం లేదు."

అలా పదిరోజులో, ఎక్కువో. ఒక రోజు పొద్దున్న గంజి పోసి ఇచ్చాను. గిన్నె ఎత్తలేకపోయింది. వంగి పిల్లిలా నోరు పెట్టబోయింది. నేను చూడలేదనుకుంది. చూశాను. దగ్గర కూర్చుని గరిటెతో పోశాను. తాగింది. గిన్నె ఖాళీ అయ్యాక నెమ్మదిగా అంది.

"మంగతాయీ. ఈ చేతులతో ముడి వెయ్యలేకపోయాను. విప్పడం కూడా రాదు. నువ్వే విప్పు. కానీ నా చెయ్యి దాని మీద పెట్టి విప్పు."

ఆవిడ నన్ను వదినా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

మిట్టమధ్యాహ్నం, అందరూ ఎండుచేపలు తిరగేస్తుంటే, ఇద్దరం గూడెక్కాం. ఎవరికీ చెప్పలేదు. మా ఇద్దరి ముళ్ళూ విప్పుకుని వద్దామనే వెళ్ళాం, ఇది దేవుడి మీద ప్రమాణం చేసి చెప్తున్నా. కానీ వజ్రం కోసం వేసిన మొదటి ముడి అన్నిటికంటే అడుగున ఉంది. దాని మీద నా ముడి, నా ముడి మీద ఇంకో ఇంటిది, ఏటికేడు పొర మీద పొర. ఉప్పూ చేపనూనే పట్టి, పిడికిలంత ఉండాల్సింది గుమ్మడికాయంత అయింది. ఎక్కడ తాడో ఎక్కడ ముడో తెలియదు. గోళ్ళతో లాగాను, గోళ్ళు విరిగాయి. పళ్ళతో లాగాను. మావి రావాలంటే అన్నీ రావాలి.

వదిన కూర్చుని రొప్పుతోంది. మొహం నీలంగా ఉంది.

నడుముకి చేపల కత్తి ఉంది. వదిన చెయ్యి తీసి నా చేతి మీద పెట్టుకున్నాను. కోశాను. గట్టిగా ఉంది, చెక్క కోసినట్టు కోశాను. ముక్కలు ముక్కలుగా రాలింది. ఎవరి ముడి ఏదో అప్పుడు చూడలేదు. చూసి ఉండాల్సింది. ఒక్కో ఇంటికి వెళ్ళి, ఇదుగో నీవాళ్ళ ముడి కోస్తున్నాను అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

గంటని మోగించే తాడు లాగాను. దించుగంట గొంతు మర్చిపోయాను. ఆవు పిలిచినట్టు, లోతుగా ఉంటుంది.

ఆరో మాట

గంట మోగాక ఏమైందో చెప్తాను. మొదట ఏమీ కాలేదు. కింద జనం పరుగెత్తుకొచ్చారు, తిట్టారు. ఒకడు రాయి కూడా ఎత్తాడు. తర్వాత ఏదో ఆగిపోయినట్టు అయింది. ఇంజను పడవలో చాలాసేపు కూర్చుంటే మోత అలవాటైపోతుంది, ఇంజను ఆపాక గాని అంతసేపూ మోగిందని తెలియదు. ఒంట్లో అలా అయింది. రాయి ఎత్తినవాడు దాన్ని కింద పెట్టి అక్కడే కూర్చున్నాడు. కాసేపట్లో ఎక్కడివాళ్ళు అక్కడే నిద్రపోయారు, ఎండుచేపల పక్కనే, పడవ నీడలో. కాకులు చేపలు ఎత్తుకుపోతుంటే తోలేవాళ్ళు లేరు.

వారం తిరిగేసరికి ఆడవాళ్ళ మోకాళ్ళ వాపు తగ్గింది. ధనకోటి నూనె గుడ్డలు విప్పేశాడు. నాతో మాత్రం మాట్లాడడు. వదిన కణుపులు చల్లబడ్డాయి. వేళ్ళు మాత్రం ఎలా తిరిగాయో అలాగే ఉన్నాయి. డాక్టరమ్మని అడిగాను. "అది మచ్చ మామ్మగారూ, మంట కాదు. దానికి గంట వినపడదు," అంది. మరి గుండె? తల దించుకుంది. "ఆపగలిగాం. వెనక్కి తిప్పలేం," అంది.

అయిదేళ్ళ ముందు కోసి ఉంటే ఆ వేళ్ళు నిలిచేవి. పదేళ్ళ ముందైతే గుండె నిలిచేది. నొప్పులు మొదలైన రోజు నాకు గుర్తుంది, వలసూది జారిపోయిందని నవ్వుకున్నాం. ఎవరైనా అప్పుడే

ఉండు. రాతపెట్టె, ఉండు. గంట. లేపుగంట మోగుతోంది. తనంతట తానే మోగుతోంది. వదినా! లేవకు, పడుకో! ఎవరింట్లో? ఎవరింట్లోనే?

ఏడో మాట

ధనకోటి ఇంట్లో. మనవరాలు పైడమ్మకి. మూడేళ్ళ పిల్ల, బురదలో పీతలు పట్టడానికి దిగింది.

అందరికీ ఒళ్ళు కాలుతోంది. నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి, అయినా చెప్తాను. మగవాళ్ళు తెడ్లు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. "నువ్వు తాడు కోసినందుకే జ్వరం లోపలికొచ్చింది," అన్నారు. కోసినందుకా, కాదా, నాకు తెలియదు. కావలి పడుకుని ఉండగా వచ్చింది, అది నిజం.

వదిన గుమ్మంలోకి వచ్చి అడ్డం నిలబడింది. నిలబడిందంటే, తలుపు పట్టుకుని వేలాడింది.

"తెడ్డు దించరా. మీ అమ్మ నాకు ఇవ్వాల్సిన వల ఇంకా ఇవ్వలేదు, ఆ సంగతి ముందు చూడు," అంది. వాడు నవ్వాపుకోలేకపోయాడు. జ్వరంలో వణుకుతూ నవ్వాడు. పోయారు.

డాక్టరమ్మ పిల్ల పక్కనే కూర్చుంది. పైడమ్మ తల్లి బుల్లెమ్మ వచ్చి నన్ను పిలిచింది. "పెద్దమ్మా, రా. మా మామగారు వద్దన్నా రా," అంది. వెళ్ళాను. పిల్ల కాలు ఎర్రగా, కుండలా ఉంది. ఒళ్ళు పెనంలా ఉంది. డాక్టరమ్మ భయపడలేదు. ఇలాగే ఉండాలి, వేడి ఇప్పుడు మనవైపు పనిచేస్తోంది, అంది.

మూడో రోజుకి పిల్లకి చెమట పోసింది. పీత ఏదని అడిగింది.

ఇక్కడ నా భయం చెప్పాలి, లేకపోతే ఈ కాగితం అబద్ధం అవుతుంది. దించుగంట తొందరపడి కొడితే నా కొడుకు పోయినట్టే ఈ పిల్ల పోతుంది. కొట్టకపోతే, ఆగిన మంట మళ్ళీ మొదలైంది కాబట్టి, నా వదిన పోతుంది. ఇప్పటికే పెదవులు నీలం. నేను గూడు కింద కూర్చుని తాడు వైపు చూస్తున్నాను. కత్తి పెట్టి కోసిన చెయ్యే ఇది. లేవడం లేదు.

ఎనిమిదో మాట

డాక్టరమ్మ పిల్ల నెత్తురు తీసి చూసింది. ఇంకో పోటు వచ్చిపోయేదాకా ఆగమంది. ఆగాం. మళ్ళీ చూసింది. ఇంకొకటి, అంది. వదిన రొప్పు గట్టంతా వినపడుతోంది. తొందరపెట్టమని నన్ను నేను తిట్టుకున్నాను, తొందరపెట్టొద్దని కూడా తిట్టుకున్నాను. వదిన మాత్రం, "ఆగండి. పిల్ల సంగతి ముందు తేలనివ్వండి," అంది.

మూడోసారి చూసి డాక్టరమ్మ చెప్పింది. "రోగం లేదు. ఇంక చాలు."

అందరూ గూడు కింద ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ధనకోటే మెట్లెక్కి తాడు పట్టుకున్నాడు. అందరం చూస్తున్నాం. చెయ్యి అలాగే ఉండిపోయింది. పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా నాన్న కూడా ఇలాగే పట్టుకున్నాడు పిన్నీ," అన్నాడు నన్ను చూసి. గంట కొట్టిన నాటి నుంచి నాతో అన్న మొదటి మాట అది.

"మీ నాన్న చేపలవైపు చూస్తూ పట్టుకున్నాడు. నువ్వు పిల్లని చూసి పట్టుకున్నావు," అన్నాను.

అయినా లాగలేకపోయాడు. నేనూ లేవలేకపోయాను. అప్పుడు వదిన, ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది.

"నా చేతికి తాడు చుట్టండి. వేళ్ళు పట్టుకోవు. మణికట్టుకి చుట్టండి."

బుల్లెమ్మ చుట్టింది. వదిన లాగలేదు. ఒళ్ళు వదిలేసి వెనక్కి వాలింది, అంతే. ఆ బరువుకి గంట మోగింది.

పైడమ్మ బాగుంది. నిన్న మా బాతుని తోక పట్టుకుని ఈడ్చింది.

ఆఖరి మాట

రేపు పున్నమి. పంచాయితీలో నేను మాట్లాడితే అరుస్తాను, నాకు తెలుసు. అందుకని ఇది చదివి వినిపించండి.

కోసిన తాడు ముక్కలన్నీ గంపలో దాచాను. ఒక్కటి పారెయ్యలేదు. ఏది ఎవరిదో చెప్పలేను. వెతికాను, ఒక్కో ముక్కా ఎండలో పెట్టి చూశాను, నా కొడుకుదే నాకు దొరకలేదు. దీనికి మాత్రం మీ అందరికీ నేను బాకీ. ఏం చేసినా తీరదు. కొట్టమంటే కొట్టండి, పడవెక్కించి పైమెట్టకి పంపమంటే పంపండి. వదిన తల దువ్వడానికి ఎవరినైనా పెట్టి పంపండి, చిక్కు తియ్యడానికి ఓపిక ఉండాలి.

గంట కొట్టినందుకు మాత్రం క్షమించమని అడగను.

కొత్త తాడు బాగా పేనించాడు ధనకోటి, చూశాను. దాన్ని పారెయ్యమనను. గూడు స్తంభానికి కట్టండి. ముడిరోజున దాని మీద ముళ్ళు వెయ్యండి, నేనూ వేస్తాను, ఉంటే. గంట నాలుక జోలికి మాత్రం పోకండి. జ్వరం వస్తుంది. రాదని నేను చెప్పను, పోయిన వారమే వచ్చింది. వచ్చినప్పుడు కావలిని లేవనివ్వండి. పోయాక ఎవరో ఒకరు చూసి, చాలు అనండి. మనం ఆ రెండో పని పోయినవాళ్ళ పేరు మీద మానేశాం. వాళ్ళ మీద ప్రేమే అనుకున్నాం. ఆ ప్రేమే పంతొమ్మిదేళ్ళు బతికున్నవాళ్ళని లోపల్నుంచి తింది.

డాక్టరమ్మ చెప్పింది, వదిన వచ్చే ముడిరోజు దాకా ఉండకపోవచ్చట. వదినకి చెప్పలేదు.

"చెప్పక్కర్లేదు, పక్కనే కూర్చుని వింటున్నాను. ముసల్దానా, నా పేరు సరిగ్గా రాయించావా?"

రాయించాను. ఈ మాటలు కూడా రాసేసింది ఈ పెట్టె. ఉండనీ. తియ్యకు.

వజ్రం. అప్పలకొండ పెళ్ళాం, నా కోడలు వజ్రం. ఇది కూడా రాయి.

ఇదంతా చదివించుకుని విన్నాను. నేను అన్నది అన్నట్టే ఉంది.

పెమ్మాడి మంగతాయి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
డాక్టర్ తబిత, సంతకం.
బుల్లెమ్మ, గట్టుపెద్ద ధనకోటి కోడలు, పైడమ్మ తల్లి, సంతకం.
ఓలేటి సూరాయమ్మ, బొటనవేలు చాచలేక, మడమకణుపు కాదు, చేతి కణుపు ముద్ర. పెట్టె తప్పు రాస్తే ఆవిడే దిద్దించింది.